నాన్నలకు ప్రత్యేక ఆహ్వానం

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల మార్కుల కార్డులు పిల్లల చేతికి ఇచ్చాం. చూసి, సంతకం చేసి పంపండి. పదో తరగతి వారికి సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి, ఇల్లు చేరడం కాస్త ఆలస్యమైతే కంగారు పడకండి. ఈ నెల ఉత్తరంలో మిగిలిందంతా మన మగపిల్లల గురించే.

ఈ ఏడాది తరగతి గది ఊడ్చే వంతుల్లో అబ్బాయిల పేర్లు, బెంచీలు సర్దే వంతుల్లో అమ్మాయిల పేర్లు కూడా వేశాం. కొందరు తండ్రులు బడికి వచ్చి, "ఇంట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టనివాడితో చీపురు పట్టిస్తారా సార్?" అని అడిగారు. వారి మాటల్లో కోపం కన్నా, నలుగురిలో చిన్నతనం అవుతుందన్న బాధే ఎక్కువగా కనిపించింది. వంతుల జాబితా మాత్రం మార్చలేదు, మార్చను. ఎందుకో మీ అందరికీ చెప్పాలి.

సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించారు. ఆదివారం తెల్లవారింది మొదలు పడుకునే దాకా ఇంట్లో ఎవరు ఏ పని చేశారో చూసి రాసుకురావాలి. ఒక అబ్బాయి కాగితంలో అమ్మ వరుస వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడంతో మొదలైంది. నీళ్లు పట్టడం, వంట, అంట్లు, వేరుశనగ కాయలు కోసే కూలికి వెళ్లడం, తిరిగొచ్చి బట్టలు, మళ్లీ వంట, మళ్లీ అంట్లు. నాన్న వరుసలో పొలం, టీ అంగడి, టీవీ. తన వరుసలో "క్రికెట్, అన్నం, ఫోను, నిద్ర" అని రాసి, ఎవరూ అడగకుండానే అడుగున ఇంకో వాక్యం చేర్చాడు: "అమ్మ ఎప్పుడు తిన్నదో నేను చూడలేదు." ఆ అబ్బాయిని అడిగే ఇది మీకు రాస్తున్నాను. ఒక్క ఇంటి సంగతి కాదిది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 289 నిమిషాలు దానికే వెచ్చిస్తుంటే, మగవారు వెచ్చించేది 88 నిమిషాలు. అసలు ఇంటిపని ముట్టుకునే మగవారే తక్కువ.

ఇంటిపనికీ హింసకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. అన్నం వడ్డించడం ఆలస్యమైందని, కూరలో ఉప్పు ఎక్కువైందని, అత్తకు ఎదురు చెప్పిందని చెయ్యి లేచే ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆడవారి చాకిరీ తనకు రావలసిన బాకీ అనుకుంటూ పెరిగినవాడికి, అది అందని రోజున చెయ్యి చేసుకోవడం హక్కుగానే తోస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవారు పదిమందిలో దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. నన్ను మరీ కలచివేసిన అంకె ఇంకొకటి. ఫలానా కారణం ఉంటే భర్త కొట్టడం సబబేనన్న ఆడవారు 80 శాతానికి పైగా ఉన్నారు. అమ్మ నోరు మూసుకుని భరించినదాన్ని కొడుకు న్యాయం అనుకుంటాడు, కూతురు తలరాత అనుకుంటుంది. 2005 గృహహింస చట్టం దెబ్బలనే కాదు, తిట్టి అవమానించడాన్నీ, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా వేధించడాన్నీ హింసగానే లెక్కిస్తుంది.

బడి వదిలాక బస్సు స్టాపు దగ్గర జరిగేది కూడా మీకు తెలియాలి. పక్క ఊళ్ల అమ్మాయిలను పేర్లు పెట్టి పిలవడం, వెంటపడడం, ఫోనులో ఫొటోలు తీయడం చేసేవారికి సరదా. ఆ సంగతి ఇంట్లో తెలిస్తే "రోజులు బాగాలేవు" అని అమ్మాయిని బడి మాన్పిస్తారు, ఆపైన సంబంధం చూస్తారు. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవారిలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయినట్లు తేలింది. వెంటపడినవాడు మాత్రం నిక్షేపంగా బడికి వస్తూనే ఉంటాడు.

అందుకే అల్లరి పెట్టినవారితోనే కాక, పక్కన నిలబడి నవ్వినవారితోనూ మాట్లాడుతున్నాం. "వదిలెయ్ రా, తప్పు" అని ఒక స్నేహితుడు అంటే, మేము చేసే హెచ్చరికలన్నిటికన్నా దానికి బలం ఎక్కువ. ఈ మధ్య ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆ మాట అన్నాడు. తోటివారు కొన్నాళ్లు అతన్ని ఎగతాళి చేశారు, అయినా వెనక్కి తగ్గలేదు. మన తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ, ఆడవేషాలు మగవారే కట్టే రోజుల్లో, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన సంగతి మర్నాడు ప్రార్థన సమయంలో పిల్లలకు చెప్పాను. ఆ అబ్బాయి అమ్మానాన్నలకు, మీ పెంపకానికి నా నమస్కారం.

మగపిల్లలకూ దెబ్బలు తగులుతాయి, భయాలుంటాయి. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం అబ్బాయిలకూ వర్తిస్తుంది. "ఆడపిల్లలా ఏడుస్తావేమిరా" అని నోరు నొక్కితే, తనకు జరిగినది ఆ పిల్లవాడు ఎవరితో చెప్పుకుంటాడు? "నాలుగు తగిలించండి సార్, దారికొస్తాడు" అని మీలో కొందరు ప్రేమతోనే అంటారు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా ఇక్కడ బెత్తం ఉండదు. బలమున్నవాడు కొట్టి మాట నెగ్గించుకోవచ్చని నేర్పేది అదే.

నవంబరు 25 మహిళలపై హింస నిర్మూలన దినం. ఆ రోజు నుంచి మానవ హక్కుల దినమైన డిసెంబరు 10 దాకా ఎన్నో దేశాల్లో దీని మీద కార్యక్రమాలు జరుగుతాయి. మన బడిలో ఆ వారం శనివారం సాయంత్రం ఆరున్నరకు, పొలం పనులు ముగించుకుని వచ్చే వీలుండేలా, తండ్రుల సమావేశం పెట్టాం. మామూలుగా మన సమావేశాలకు వచ్చేది తల్లులే. ఈసారి నాన్నలు రావాలి. నాన్న బెంగళూరులో పనిలో ఉంటే తాతయ్య, మేనమామ, పెద్దన్న ఎవరైనా సరే. ఉపన్యాసాలు ఉండవు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటిపని గురించి రాసిన కాగితాల్లో, వారు ఒప్పుకున్నవాటిని పేర్లు లేకుండా తిరగరాసి గోడకు అంటిస్తాం. చదివాక కూర్చుని మాట్లాడుకుందాం.

తల్లులకు ఒక మాట. ఇంట్లో కష్టంగా ఉంటే 181కి, ఆపద అయితే 112కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ఈ మూడు నంబర్లనూ పిల్లల డైరీ మొదటి పేజీలో అతికించాం. దయచేసి ఆ పేజీ చింపనివ్వకండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు
ఉన్నత పాఠశాల, తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా