ముప్పై రోజుల లెక్క గవర్నర్లకు వర్తించదా?

సంపాదకునికి నమస్కారం.

జైలుకెళ్లిన మంత్రుల గురించి పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వ్యాసానికి అప్పుడే జాబు రాయవలసింది, నాట్ల పనుల వల్ల ఆలస్యమైంది. ఐదేళ్లు, అంతకు మించి శిక్ష పడదగిన కేసులో అరెస్టయి వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉంటే ప్రధానమంత్రి పదవైనా, ముఖ్యమంత్రి పదవైనా ఊడిపోవాలంటూ 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లును మీ వ్యాసకర్త ఆకాశానికెత్తారు. బాగానే ఉంది, మరి ఆ జాబితాలో గవర్నరు ఎక్కడ? 361వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మీద గానీ గవర్నరు మీద గానీ పదవిలో ఉన్నంతకాలం ఏ కోర్టూ క్రిమినల్ చర్యలు మొదలుపెట్టరాదు, మొదలైనవి కొనసాగించరాదు, అరెస్టుకు ఆదేశించరాదు. అరెస్టే లేని మనిషికి ముప్పై రోజులు ఎవరు లెక్కపెడతారు?

రాష్ట్రపతిని అభిశంసించడానికి 61వ అధికరణమైనా ఉంది. గవర్నరును జనం ఎన్నుకోరు, శాసనసభ దించజాలదు, ఢిల్లీకి ఇష్టమున్నంతకాలం ఉంటారు. బిల్లులు తొక్కిపెట్టినా, సభను రద్దు చేయించినా అవి పదవికి సంబంధించిన పనులు కనుక వాటికి వ్యక్తిగతంగా జవాబు చెప్పనక్కరలేదన్న 361లోని మొదటి క్లాజుతో నాకు పేచీ లేదు. బీహార్ శాసనసభ రద్దు కేసులో 2006లో సుప్రీంకోర్టు చేసినట్టు, గవర్నరును బోనెక్కించకుండానే ఆ నిర్ణయం మంచిచెడ్డలు తేల్చవచ్చు. నా అభ్యంతరమంతా పదవితో ఏ సంబంధమూ లేని నేరారోపణకు కూడా గొడుగు పట్టే రెండో క్లాజు మీదే.

బాబ్రీ మసీదు కూల్చివేత కేసులో మిగతా నిందితులు లక్నో కోర్టు మెట్లెక్కుతుంటే, రాజస్థాన్ గవర్నరుగా ఉన్న కల్యాణ్ సింగ్ మీద పదవి దిగాకే అభియోగాలు మోపాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2019 సెప్టెంబరులో పదవీకాలం ముగిసింది, ఆ నెలలోనే ఆయన కోర్టులో నిలబడ్డారు, మరుసటి ఏడాది అందరితోపాటు నిర్దోషిగా బయటపడ్డారు. అంటే నింద తుడుచుకోవడం కూడా ఆలస్యమైనట్టే కదా! కోల్‌కతా రాజ్‌భవన్ కాంట్రాక్టు ఉద్యోగిని 2024 మేలో అక్కడి గవర్నరు మీద చేసిన లైంగిక వేధింపుల ఫిర్యాదు నిజమో కాదో నేను చెప్పలేను, గవర్నరు ఖండించారు. ఆమె మాత్రం ఈ రక్షణకు హద్దెక్కడని సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. మన హైదరాబాద్ రాజ్‌భవన్ నుంచి 2009 డిసెంబరులో, లైంగిక ఆరోపణలు వచ్చాక, అప్పటి గవర్నరు ఎన్.డి. తివారీ ‘ఆరోగ్య కారణాలతో’ ఎలా తరలివెళ్లారో తెలుగువారికి వేరే చెప్పాలా?

హెల్మెట్ మరిచి సందు చివరి కొట్టుకు వెళ్లొచ్చేలోగా నాకు ఫోన్లో చలానా వస్తుంది. ప్రభుత్వ గుమాస్తా మీద అవినీతి కేసు నడపడానికి కావలసిన అనుమతి ఫైలైతే నెలల తరబడి ఏ బల్ల మీద నిద్రపోతుందో ఎవరూ చెప్పరు. మెట్టు పెరిగేకొద్దీ చట్టానికి ఇంత ఓపిక ఎక్కడినుంచి వస్తుందో!

గవర్నరును రేపే జైల్లో పెట్టమని నేననడం లేదు. విచారణ పదవి దిగాకే జరగనీయండి. కానీ ఫిర్యాదు నమోదు చేయడం, సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవడం, కెమెరా దృశ్యాలు చెరిగిపోకుండా భద్రపరచడం ‘క్రిమినల్ చర్యల’ కిందకు రావని 361లో ఒక్క వివరణ చేర్చితే చాలు. ఐదేళ్ల తర్వాత సాక్షులు ఎక్కడుంటారు, వారికి ఏం గుర్తుంటుంది? ముప్పై రోజుల బిల్లు ఎలాగూ పార్లమెంటు సంయుక్త కమిటీకి వెళ్లింది కనుక, మన తెలుగు ఎంపీలలో ఎవరైనా ఈ సంగతి అక్కడి సభ్యుల చెవిన వేయగలరా?

– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి