రిపోర్టులో 9 అని వచ్చిందని కంగారుపడకండి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. అందులో మూడొంతులు వదిన విటమిన్ డి రిపోర్టు గురించే రాశావు. 30 ఉండాల్సిన చోట 9 ఉందని, పక్కనే ‘తీవ్ర లోపం’ అని అచ్చయి ఉందని, అది చూసినప్పటి నుంచి మీ అన్నయ్యకు కంటి మీద కునుకు లేదని. ఎవరో చుట్టం వచ్చి, ఆ లోపం వల్లే క్షయ పట్టుకుందని, రోజుకో పొడి ప్యాకెట్ పాలలో కలిపి తాగిస్తే రెండు నెలల్లో ఊపిరితిత్తులు బాగుపడతాయని చెప్పి వెళ్లాడట. ముందు ఆ ప్యాకెట్ సంగతి చూడు. రోజూ ఇస్తుంటే ఇవాళే ఆపించు. మిగతా ఉత్తరం తర్వాత చదువుదువు గాని.

ఆ ప్యాకెట్‌లో ఉండేది 60,000 యూనిట్లు. అది వారానికి ఒకసారి వేసుకోవడానికి ఉద్దేశించిన మోతాదు. అది కూడా డాక్టరు చెప్పినన్ని వారాలే. చీటీ మీద వారానికి ఒకటి అని రాసి ఉన్నా రోజుకొకటి తాగేసి, వాంతులతో, తగ్గని దాహంతో, మలబద్ధకంతో తిరిగి వచ్చినవాళ్లను మా మందుల కిటికీ దగ్గర చూశాను. రక్తంలో కాల్షియం పెరిగిపోతే అలాగే ఉంటుంది. క్షయ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చేది మూత్రపిండాలు, ఎంత మార్చాలన్నది శరీరం అక్కడ గట్టిగా అదుపు చేస్తుంది. క్షయ క్రిముల చుట్టూ గుమికూడే రక్షణ కణాలు కూడా ఆ మార్పు చేయగలవు, కానీ వాటి మీద ఆ అదుపు ఉండదు. అందుకే డి చుక్క కూడా వేసుకోని క్షయ రోగుల్లోనూ ఒక్కోసారి కాల్షియం పెరుగుతుంది. అలాంటి ఒంట్లోకి రోజుకు 60,000 పోస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

ఇక మీ చుట్టం మాట. పూర్తిగా గాలి మాట అని కొట్టిపారేయలేను. యాంటీబయాటిక్స్ ఊసే లేని 1840ల్లో లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రిలో క్షయ రోగులకు కాడ్ చేప కాలేయపు నూనె పట్టించేవారు, కొందరు కోలుకున్నారని రాసుకున్నారు కూడా. ఆ నూనె నిండా విటమిన్ డి ఉంటుంది, కానీ ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. చర్మానికి వచ్చే క్షయను దీపకాంతితో నయం చేసినందుకే డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచుకుని చూసే ఆసుపత్రి, వెలిసిందీ గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి మీద నమ్మకం ఉన్న ఆ రోజుల్లోనే. మా తాతగారి తరంలో ‘మదనపల్లె పంపించారు’ అంటే చాలు, ఏ జబ్బో అడగక్కర్లేదు.

తర్వాత సైన్సు కూడా ఆ దారిలోనే కొంత దూరం నడిచింది. 2000లో పశ్చిమ లండన్‌లో స్థిరపడిన గుజరాతీల మీద ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లలో శాకాహారులు ఎక్కువ, ఉండేది మబ్బు పట్టిన ఊళ్లో. రక్తంలో డి తక్కువగా ఉన్నవారిలో క్షయ ఎక్కువగా కనిపించింది. 2006లో లాస్ ఏంజిలెస్ పరిశోధకులు అది ఎలా జరగవచ్చో కూడా చూపించారు. క్షయ క్రిమి తగిలినప్పుడు రక్షణ కణం విటమిన్ డిని వాడుకుని కాథెలిసిడిన్ అనే పదార్థం తయారుచేస్తుంది, అది క్రిమిని చంపగలదు. డి తక్కువ ఉన్న రక్తంలో ఆ పదార్థం తక్కువగా తయారైంది. అది చదివిన రోజు నాకెంత సంబరమేసిందో! ఇంత చవకైన మందు, వేసుకోవడం ఇంత తేలిక, ఇక క్షయకు రోజులు దగ్గరపడ్డాయి అనిపించింది.

కానీ రమణా, రోగులకు ఇచ్చి చూస్తే లెక్క అలా రాలేదు. 2011లో లండన్‌లో 146 మంది క్షయ రోగులకు మామూలు మందులు ఇస్తూ, వారిలో కొందరికి పెద్ద మోతాదుల్లో విటమిన్ డి, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. కళ్లెలో క్రిములు మాయమవడానికి పట్టిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక ప్రత్యేకమైన జన్యు రకం ఉన్న కొద్దిమందిలో మాత్రం త్వరగా తగ్గింది. 2015లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు మన దేశంలో 247 మంది మీద ఇలాంటి పరీక్షే చేశారు. అక్కడా తేడా లేదు. వచ్చిన జబ్బు తగ్గకపోయినా, రాకుండానైనా ఆపుతుందేమోనని మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్ల పాటు వారానికి 14,000 యూనిట్లు ఇచ్చారు. ఆ పిల్లల్లో 100కి 95 మందికి మొదట్లో డి బాగా తక్కువే. ఫలితం 2020లో వచ్చింది. డి వేసుకున్నవారిలో 3.6 శాతం మందికి, వేసుకోనివారిలో 3.3 శాతం మందికి క్షయ క్రిమి సోకింది. అంటే ఏమీ ఆపలేదు.

మరి జబ్బు ఉన్నవారిలో డి ఎందుకు అంత తక్కువ ఉంటుందంటావా? జబ్బే దాన్ని తగ్గిస్తుంది కనుక. నెలల తరబడి జ్వరం, నీరసం, తిండి సయించదు, గదిలోంచి బయటికి రారు. దానికి తోడు వదిన వేసుకుంటున్న రిఫాంపిసిన్ అనే క్షయ మందు కాలేయంలోని ఎంజైములను చురుకు చేస్తుంది, అవి విటమిన్ డిని తొందరగా ఖర్చు చేసేస్తాయి. మందులు మొదలుపెట్టిన మూడో నెలలో తీసిన రిపోర్టు అది. అందులో ఆ మందు వాటా కూడా ఉంటుంది. ఆ 9ని చూసి క్షయకు కారణం దొరికిందనుకోవడం సరికాదు. మీ అన్నయ్యకు ఈ ముక్క తప్పకుండా చదివి వినిపించు. తాను ఆమెను ఎండలోకి పంపకపోవడం వల్లే ఇలా అయిందని కుమిలిపోతున్నాడని రాశావు కదా, నాకు మనసు చివుక్కుమంది.

ఎండ మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఎండలు మండే మన ప్రాంతంలో ఈ లోపం ఏమిటని ఆశ్చర్యపోయావు. తిరుపతి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల్లో పొద్దంతా పొలం పని చేసే ఆరోగ్యవంతులను పరీక్షిస్తేనే మగవారిలో 44 శాతం, ఆడవారిలో 70 శాతం మందికి 20 కన్నా తక్కువ తేలింది. తినే తిండిలో కాల్షియం బొత్తిగా లేకపోవడం కూడా అందుకు ఒక కారణమని వాళ్లు రాశారు. మనమంతా ఉదయపు లేత ఎండ మంచిదనుకుంటాం. తిరుపతిలో కొలిచి చూస్తే చర్మంలో డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని తేలింది. అలాగని నీరసంగా ఉన్న మనిషిని మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబెట్టకండి. 11 గంటల ప్రాంతంలో చేతులకు, కాళ్లకు ఎండ తగిలేలా కాసేపు వరండాలో కూర్చుంటే చాలు, కళ్లు తిరిగినట్టుంటే లోపలికి వచ్చేయాలి.

9 అన్నది నిజంగా తక్కువే, కాదనను. ఎముకలకు, కండరాలకు అది మంచిది కాదు, సరిచేయాల్సిందే. ముందు కాల్షియం పరీక్ష చేయించి, ఆ రిపోర్టు, ఈ రిపోర్టు రెండూ క్షయ డాక్టరుకు చూపించండి. ఎన్ని వారాలు, ఎంత అన్నది ఆయన రాస్తారు. క్షయను తగ్గించేది మాత్రం వదిన వేసుకుంటున్న క్షయ మాత్రలే. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో, ఇరుకు ఇళ్లలో ఉంటూ, అంతంతమాత్రం తిండితో మాత్రలు మింగినవారు కూడా శానటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకున్నారు. మంచాలు దొరకని లక్షల మందికి ఇంట్లోనే వైద్యం అందిందంటే ఆ పరీక్ష పుణ్యమే. నాకైతే దాని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

అలాగని తిండి అక్కర్లేదని కాదు. విటమిన్ డి మీద పెట్టిన ఆశంతా పళ్లెంలోని అన్నం, పప్పు, గుడ్ల మీద పెట్టమంటాను. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా క్షయ రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనించారు. కొందరి ఇళ్లకు నెలనెలా మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, కొన్ని విటమిన్ మాత్రలు అందించారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది! రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో చావులు చాలా తక్కువ. వదిన శాకాహారి అని తెలుసు. పప్పు, పెరుగు, వేరుశనగ, రాగిజావ మానకుండా చూడు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పైగా మీ అనంతపురంలో రాగులకు కొదవ లేదు. తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు వదిన ఖాతాలో పడుతున్నాయో లేదో కనుక్కో. పడకపోతే మాత్రలు ఇచ్చే కేంద్రంలోనే అడగాలి.

మీ బాబాయి సంగతి కూడా అడిగావు. ఆయనకు పాత క్షయ మచ్చల వల్ల ఊపిరి గొట్టాలు వెడల్పై, ఏటా చీము కళ్లె పడుతోంది కదా. ఆ జబ్బు ఉన్న 402 మందిని స్కాట్లండ్‌లో పరీక్షిస్తే సగం మందిలో డి తీవ్రంగా తక్కువ ఉంది, వాళ్లలోనే మొండి క్రిములు ఎక్కువగా తిష్ఠ వేశాయి. ఆయనకూ ఒకసారి పరీక్ష చేయిస్తే తప్పులేదు, తక్కువుంటే సరిచేయవచ్చు. కానీ రోజూ కళ్లె బయటికి తీసే ఆ శ్వాస వ్యాయామాలు మానేశారని రాశావు చూడు, నాకు దాని గురించే దిగులు. నా మాటగా గట్టిగా చెప్పు.

పిల్లలిద్దరినీ క్షయ పరీక్షకు తీసుకెళ్లారా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇంట్లో ఒకరికి ఉన్నప్పుడు మిగతావారికి జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండేందుకు మందులు ఉచితంగా ఇస్తారు. ఈ వారంలోనే వెళ్లండి. వదిన బరువు మందులు మొదలైన రోజున ఎంత, ఇప్పుడెంత, రెండూ రాసి పంపు. రెండో నెల చివర చేసిన కళ్లె పరీక్షలో ఏం వచ్చిందో కూడా రాయి. ఉత్తరం ఆలస్యమవుతుందనుకుంటే ఫోను చెయ్యి, రాత్రి 9 దాటాక ఎప్పుడైనా తీస్తాను.

నీ
శేషు