వీడియో పంపేది మనం, తిట్లు పిల్లలకి

సంపాదకులు గారికి,

ఫోన్లలో హింస చూసి పిల్లలు పాడైపోతున్నారని మొన్న మీ పేపర్లో ఒకాయన ఉత్తరం రాశారు. ఆయన బాధ నిజమే గానీ, మా ఇంట్లో అలాంటి వీడియో మావాడికి చేరింది నా ఫోన్ నుంచే.

మేం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాం. 2024 మార్చి 1న ఇక్కడి రామేశ్వరం కేఫ్ అనే హోటల్లో బాంబు పేలాక సీసీటీవీ క్లిప్పు గ్రూపులన్నింటిలో తిరిగింది, నేనూ ఫ్యామిలీ గ్రూపులో పడేశాను, అందులో మావాడున్న సంగతే గుర్తులేదు. అప్పుడు ఎనిమిదో క్లాసు. రాత్రి అన్నం తింటూ "నాన్నా, అతను ఇడ్లీ కొనుక్కుని మరీ బ్యాగు పెట్టాడంట కదా, అంత మామూలుగా ఎలా ఉన్నాడు?" అనడిగాడు. "అవన్నీ నీకెందుకు, తిను" అన్నాను. తిన్నాడు, ఇంకేమీ అడగలేదు. పది రోజుల తర్వాత ఒక దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, పక్కాయన తన బ్యాగు కింద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్తే, మావాడు దోసె ప్లేటు పట్టుకుని రోడ్డు మీదికెళ్లి నిలబడ్డాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

నేను చెప్పని జవాబు వాడికి గేమ్ చాట్‌లో దొరికిందని తర్వాత తెలిసింది. ముందు ఒక జోకు, తర్వాత "వాళ్లంతా ఇంతే", ఆ తర్వాత "మీ ఇంట్లోవాళ్లు నీకు నిజం చెప్పరు". మొదటిరోజే ఎవరూ కత్తి పట్టుకోమనరు కదా.

పెద్దవాళ్లం మనమేం తక్కువ? 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద దాడులు జరుగుతాయని పుకార్లు లేస్తే ఇక్కడి నుంచి వేలమంది గువాహటి రైళ్లెక్కారు, చివరికి ఐదుగురికి మించి ఒకేసారి ఎస్సెమ్మెస్ పంపకుండా కేంద్రం 15 రోజులు కట్టడి చేసింది. అప్పట్లో ఇక్కడి ఈజీపురలో మా రూమ్మేటు, అస్సాం కుర్రాడు, ఇంజనీరు, అరగంటలో సర్దుకుని కుక్కర్ మాకే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ మెసేజ్ ఎవరు పంపారంటే వాడికీ తెలీదు.

మావాడితో మాట్లాడింది మా ఆవిడ. ఉపన్యాసం ఏమీ లేదు, "ఏం చూశావురా, ఎన్నిసార్లు చూశావు?" అనడిగి ఊరుకుంది. చాలాసేపటికి చెప్పాడు, ఆ పొగలో అందరూ చచ్చిపోయారనే అనుకున్నాడట. దెబ్బలు తగిలినవాళ్లెవరూ చనిపోలేదనీ, వారానికే కేఫ్ తెరిచారనీ, ఏప్రిల్‌లో ఇద్దర్ని బెంగాల్‌లో పట్టుకున్నారనీ ఆవిడ చెప్తే, "వీడియోలో అదేం లేదుగా" అన్నాడు.

వాళ్ల స్కూల్లో పేలుడు జరిగిన వారమే గేటు దగ్గర బ్యాగులు వెతకడం మొదలెట్టారు, మంచిదే, కానీ క్లాసులో ఒక్క పీరియడ్ దాని గురించి మాట్లాడినవాళ్లు లేరు. మీరైనా ఇలాంటిది జరిగినప్పుడు పేలుడు ఫొటో వేసినంత పెద్దగా, గాయపడ్డవాళ్లు ఇంటికెళ్లిన వార్త కూడా మొదటి పేజీలోనే వేయండి. పక్కనే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడటానికి, మన ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చూసుకునే ఉచిత సర్వీసు అది, తెలుగులో మాట్లాడతారు, ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలీదు, నాకూ మొన్నటిదాకా తెలీదు.

ఇట్లు,
ఒక తండ్రి, బ్రూక్‌ఫీల్డ్, బెంగళూరు