పాస్ వచ్చేదాకా నొక్కడమేనా వినికిడి పరీక్ష?

అయ్యా,

పసిపిల్లల వినికిడి పరీక్ష యంత్రం గురించి గతవారం మీ జిల్లా పేజీలో వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. రిబ్బన్ కత్తిరించినవారు, పళ్లెం పట్టుకున్నవారు, వెనక నుంచి తొంగిచూసినవారు, అందరి పేర్లూ వేశారు. యంత్రం సంగతి మాత్రం 'నూటికి నూరు శాతం కచ్చితం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

గణాంకశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ని. నూటికి నూరు అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో 35 డెసిబెల్స్ దగ్గర టిక్ టిక్ మనే శబ్దాలు వేలకొద్దీ వినిపిస్తారు. దానికి మెదడు ఇచ్చే స్పందన మైక్రోవోల్టులో (అంటే వోల్టులో పది లక్షలో వంతులో) సగం కూడా ఉండదు. బిడ్డ కాస్త కదిలితే పుట్టే విద్యుత్ గోల అంతకు ఎన్నో రెట్లు. ఆ స్పందనలన్నిటికీ సగటు తీస్తే గోల తగ్గుతుంది నిజమే, కానీ సగానికి తగ్గాలంటే నాలుగింతలు రికార్డింగు కావాలి. మిగిలిన గోలతో పోల్చి స్పందన ఉందో లేదో తేల్చే పద్ధతిని ఎల్బర్లింగ్, డాన్ అనే పరిశోధకులు 1984లోనే చెప్పారు. హోటెల్లింగ్ టి-స్క్వేర్ లాంటి గణాంక పరీక్షలు తర్వాత వాడుకలోకి వచ్చాయి. ఏ పద్ధతైనా ముందే గీసుకున్న గీత దాటితేనే 'పాస్'. వినపడని బిడ్డకు కూడా ఆ గీత యాదృచ్ఛికంగా దాటే అవకాశం కొంత ఉంటుంది.

మా మనవరాలికి చేసిన చోట (పేరెందుకులెండి) 'రిఫర్' (అంటే పాస్ కాలేదు, పై పరీక్షకు పంపాలి) అని వస్తే మళ్లీ బటన్ నొక్కారు, మళ్లీ మళ్లీ నొక్కారు. పాస్ రాగానే "వచ్చేసిందండీ, టెన్షన్ పడకండి" అని పంపేశారు. ఇది పరీక్షా, పాసయ్యేదాకా రాయించే సప్లిమెంటరీనా? పుట్టిన కొత్తలో చెవిలో ద్రవం ఉంటే చక్కగా వినపడే బిడ్డకూ రిఫర్ రావచ్చు, కాబట్టి ఇంకోసారి చూడటాన్ని తప్పుపట్టను. కానీ ఒక్కో పరీక్షలో పొరపాటు పాస్‌కు నూటికి 5 అవకాశం ఉందనుకుంటే, విడివిడిగా 5 సార్లు చేసేసరికి అది 22 దాటుతుంది. 10 సార్లకు 40! ఇంటర్ పిల్లలు చేసే లెక్కే.

పుట్టుకతో వచ్చే చెవుడును కేంద్ర ప్రభుత్వం పిల్లల ఆరోగ్య పథకమైన బాల స్వాస్థ్య కార్యక్రమంలో చేర్చింది 2013లో. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అని నిపుణులు చెప్పి ఎన్నేళ్లయింది? మా దగ్గర యంత్రానికి నిధులుంటాయి, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడి) పోస్టు అడిగితే "ప్రతిపాదన పైకి పంపాం" అంటారు. ఆ 'పైన' ఎవరుంటారో ఈ వయసొచ్చినా నాకు తెలియలేదు. రోడ్డు వేస్తే కంకర లెక్క ఉండదు, మందులిస్తే గడువు తేదీ చూడరు, ఇక గణాంకాలు చూస్తారా!

రిపోర్టు మీద పాస్, రిఫర్ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఎన్నోసారికి వచ్చింది, ఎన్ని శబ్దాలు వినిపించారు, గోల ఎంత మిగిలింది అనేవి కూడా అచ్చువేయమని వైద్యారోగ్య శాఖ ఆదేశించాలి. మీ విలేకరి ఈసారి ఫోటో తీయడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం ఒకటి అడిగి చూడమనండి.

- ఒక విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి