మెక్‌డేవిడ్, డ్రైసైటిల్: ఒకే లైన్‌లోనా, వేర్వేరుగానా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. మా ఊరి ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ 2024, 2025 స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్) ఫైనల్స్ రెండింటిలోనూ ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో ఓడిపోయిందని రాస్తూ, కానర్ మెక్‌డేవిడ్, లియాన్ డ్రైసైటిల్ లాంటి ఇద్దరు ఉండగా వాళ్లను మ్యాచంతా ఒకే లైన్‌లో ఎందుకు ఆడించలేదని మీ క్రీడా పేజీ అడిగింది. ప్రశ్నలో తప్పేం లేదు, ఎడ్మంటన్‌లో ఇది ఏటా నడిచే వాదనే. కాని కోచ్‌కి తెగువ లేకపోవడమే కారణమని తేల్చేయడం మాకు బాధ కలిగించింది. ఐస్ హాకీలో ఫార్వర్డ్ లైన్లు కూర్చడం పెద్ద లెక్క. ఆ లెక్క తెలిస్తే పాఠకులు వేరే తీర్పు చెప్పవచ్చు.

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌కి జట్టు 20 మందిని దింపుతుంది. ఇద్దరు గోలీలు, అంటే గోల్‌కీపర్లు, పోగా 18 మంది. మామూలుగా అందులో 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెండర్లు. మంచు మీద ఒక్కసారి గోలీ కాక ఐదుగురే ఉంటారు కాబట్టి ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక లైన్: లెఫ్ట్ వింగ్, సెంటర్, రైట్ వింగ్. అలాంటివి నాలుగు. ఫార్వర్డ్ లైన్ అనగానే మన పాత తరం హాకీ అభిమానులకు, హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఆట చూసినవారికి, మైదానానికి అడ్డంగా పరుచుకున్న దాడి వరుస గుర్తుకొస్తుంది. ఇక్కడ నాలుగు లైన్లూ వంతులవారీగా బెంచి మీది నుంచి దూకుతాయి. ఒక్కో వంతు, అంటే షిఫ్ట్, 40 నుంచి 50 సెకన్లు. అంతకు మించితే కాళ్లు బరువెక్కుతాయి, వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. అలా అలసి ఇరుక్కుపోయిన లైన్ మీద గోల్ పడే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. 60 నిమిషాల ఆటలో పెనాల్టీల సమయం, అంటే తప్పు చేసిన ఆటగాడు బయట కూర్చునే సమయం, తీసేస్తే ఐదుగురికి ఐదుగురు ఆడేది దాదాపు 48 నిమిషాలు. మేటి సెంటర్ అందులో 16 నిమిషాలు ఆడగలడనుకుందాం. ఇద్దరినీ ఒకే లైన్‌లో పెడితే ఆ 16 నిమిషాలు అద్భుతంగా ఉంటాయి, మిగతా 32 నిమిషాలు ఇద్దరిలో ఒక్కరూ మంచు మీద ఉండరు. విడదీసి చెరో లైన్‌కి సెంటర్‌గా పెడితే 32 నిమిషాలు ఎవరో ఒకరు ఉంటారు, ఇద్దరూ లేని సమయం 16 నిమిషాలకు దిగుతుంది. మా వాదన అంతా దీని మీదే నిలబడుతుంది.

దీనికి జీతాల పరిమితి తోడవుతుంది. 2025-26 సీజన్‌లో ఒక్కో జట్టు జీతాలకు ఖర్చు పెట్టగలిగేది 9.55 కోట్ల డాలర్లు. డ్రైసైటిల్‌కి 1.4 కోట్లు, మెక్‌డేవిడ్‌కి 1.25 కోట్లు. జట్టు జాబితాలో 23 మంది దాకా ఉండవచ్చు, అందులో ఇద్దరికే పావు వంతు కన్నా ఎక్కువ పోతుంది. మూడు, నాలుగు లైన్లలో చవకగా వచ్చే ఆటగాళ్లే ఉండక తప్పదు. అలాంటి జట్టులో ఇద్దరినీ ఒకచోట చేరిస్తే రెండో లైన్ కూడా మూడో లైన్ స్థాయికి పడిపోతుంది.

ప్రత్యర్థి కోచ్ వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టం. ఆట ఆగినప్పుడల్లా బయటి జట్టు ముందుగా మనుషుల్ని మార్చుకోవాలి, అందుకు 5 సెకన్లు. తర్వాత రెఫరీ చెయ్యెత్తుతాడు, సొంతగడ్డ జట్టుకి 8 సెకన్లు. చివరి మార్పు సొంతగడ్డదే కాబట్టి, ఎదుటివాళ్లు ఎవరిని దింపారో చూసి తన కాపలా లైన్‌ని పంపగలదు. ఫ్లోరిడాలో ఆ పని అలెగ్జాండర్ బార్కోవ్‌ది. ఉత్తమ డిఫెన్సివ్ ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ మూడుసార్లు గెలిచిన సెంటర్ అతను. వెనక డిఫెన్స్‌లో గుస్తావ్ ఫోర్స్‌లింగ్. మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ ఒకే లైన్‌లో ఉంటే ఫ్లోరిడాకి పని సులువు: బార్కోవ్‌నీ ఫోర్స్‌లింగ్‌నీ ఆ ఒక్క లైన్ మీదికి వదిలితే సరి. విడిగా ఉంటే ఎవరిని ఆపాలో, ఎవరిని వదలాలో తేల్చుకోవాలి.

సొంతగడ్డ కాని చోట కోచ్ చేసే ఉపాయం ఒకటుంది. ఫేసాఫ్‌కి (ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పక్ కోసం పోటీపడి ఆట మొదలుపెట్టే ఘట్టం; పక్ అంటే మంచు మీద జారే రబ్బరు బిళ్ల) నాలుగో లైన్‌ని దింపి, ఎదుటి కోచ్ తన మనుషుల్ని పంపాక, పక్‌ని ప్రత్యర్థి మూలకి కొట్టించి 10-15 సెకన్లకే ఆట నడుస్తుండగానే మెక్‌డేవిడ్‌ని దింపడం. కాపలాదారు ఇంకా బెంచి మీదే ఉంటాడు. పక్ లోతుగా పోకముందే మారితే మాత్రం ఎదుటివాళ్లు ముగ్గురై మన ఇద్దరి మీదికి వస్తారు. బయటికి వచ్చే ఆటగాడు బెంచికి 5 అడుగుల లోపు చేరకముందే బదులుగా దూకినవాడు ఆటలో కలగజేసుకుంటే, మంచు మీద మనుషులు ఎక్కువయ్యారని 2 నిమిషాల పెనాల్టీ. రెండో పీరియడ్‌లో (20 నిమిషాల మూడు భాగాల్లో రెండోది) ఈ ఉపాయం ఇంకా ప్రమాదం. అప్పుడు వైపులు మారి సొంత గోల్ నుంచి బెంచి దూరమవుతుంది. డిఫెన్స్‌లో ఇరుక్కున్న లైన్ అంత దూరం స్కేటింగ్ చేసి రాలేదు.

లైన్ లోపలి అమరిక కూడా పేర్లు పేర్చడం కాదు. ఒకడు మూలల్లోకి దూసుకెళ్లి పక్ లాక్కురావాలి, ఒకడు దాన్ని పంచాలి, ఒకడు ముగించాలి. ముగ్గురిలో ఒకడు ఎప్పుడూ ప్రత్యర్థి గోల్‌కి దూరంగా మిగలాలి. పక్ చేజారితే వెనక్కి పరుగెత్తేవాడు అతనే. ముగ్గురూ గోల్ ముందే గుమిగూడితే ఎదురుదాడి ఖాయం. 2023-24లో మెక్‌డేవిడ్ పక్కన ర్యాన్ నుజెంట్-హాప్కిన్స్, జాక్ హైమన్ కుదిరింది ఇందుకే. హైమన్ పక్ లాక్కొస్తాడు, గోల్ ముందు పాతుకుపోతాడు. ఆ ఏడాది 54 గోల్స్ కొట్టాడు. నుజెంట్-హాప్కిన్స్ అసలు సెంటరే, వెనక్కి తిరగడం అతనికి అలవాటు. మెక్‌డేవిడ్ ఆ సీజన్‌లో 100 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసే పాస్‌లు) చేశాడు. ఐదుగురికి ఐదుగురు ఆడేటప్పుడు ఎక్కువ సమయం డ్రైసైటిల్‌తో పెట్టకుండానే.

స్టిక్ ఏ చేతి వాటమో చూడకుండా లైన్ రాయకూడదు. మెక్‌డేవిడ్, డ్రైసైటిల్, నుజెంట్-హాప్కిన్స్ ముగ్గురివీ ఎడమవాటం షాట్లు. డ్రైసైటిల్‌ని మెక్‌డేవిడ్‌కి రైట్ వింగ్‌గా పెడితే దాడిలో గొప్ప లాభం: ఎడమ నుంచి అడ్డంగా వచ్చే పాస్‌కి అతని స్టిక్ తెరుచుకుని ఉంటుంది, ఆపకుండా కొట్టేస్తాడు. కుడివైపు ఇరుకు కోణం నుంచి అతను కొట్టే ఆ షాట్‌ని ఈ ఆట చూసేవారంతా ఎరుగుదురు. అదే వాటం సొంత జోన్‌లో ఇబ్బంది. కుడి బోర్డుల (మైదానం చుట్టూ ఉండే గోడ) వెంబడి తిరిగి వచ్చే పక్ బ్యాక్‌హ్యాండ్ మీదికి వస్తుంది, ఎదుటి డిఫెండర్ మీద పడుతుంటే అది బయటికి తీయడం కష్టం. పైగా జట్టుకి కుడివాటం సెంటర్ కరువు. మంచు మీద గీసిన కుడివైపు ఫేసాఫ్ చుక్క దగ్గర గెలవడం ఎక్కువగా కుడివాటం వాళ్లకి అనువు. 2021లో వచ్చిన డెరెక్ ర్యాన్ లాంటి నాలుగో లైన్ సెంటర్‌కి ఎడ్మంటన్‌లో అంత పని దొరికిందంటే ఇదొక కారణం.

ఇద్దర్నీ కలపడంలో మీ పేజీ చెప్పని లాభం కూడా ఒకటుంది, అది మేమే ఒప్పుకుంటాం. ఫేసాఫ్‌లో తప్పు చేస్తే లైన్స్‌మన్ (రెఫరీ సహాయకుడు) సెంటర్‌ని తప్పించి మరొకరిని రమ్మంటాడు. అప్పుడు వింగర్ రావాలి. డ్రైసైటిల్ పక్కన ఉంటే వచ్చేవాడూ సెంటరే, పైగా ఇద్దరిలో ఫేసాఫ్‌లు బాగా గెలిచేది అతనే.

అందుకే ఎప్పుడూ కలపవద్దని మేం అనడం లేదు. కలపాల్సిన వేళలు ఉన్నాయి. ప్రత్యర్థి ఐసింగ్ చేస్తే, అంటే తన సగం నుంచి పక్‌ని అవతలి గోల్ గీత దాకా ఊరికే కొట్టేస్తే, ఆ జట్టు మనుషుల్ని మార్చుకోకూడదు, ఫేసాఫ్ వాళ్ల గోల్ దగ్గరే. అలసిన ఐదుగురి మీదికి ఇద్దరినీ వదలాలి. ప్రత్యర్థికి వచ్చిన పవర్‌ప్లేని (మనవాడు పెనాల్టీలో ఉండగా వాళ్లకి ఒకరు ఎక్కువగా ఉండే సమయం) అడ్డుకున్న మరుక్షణం మరో అదను: ఒకరు తక్కువతో కాపాడినవాళ్లు బెంచికి వస్తారు, ఈ ఇద్దరిలో ఆ పనికి వెళ్లనివాడు తాజాగా ఉంటాడు. ఒక గోల్ వెనకబడి చివరి 8-10 నిమిషాలుంటే అప్పుడూ కలపాలి. పవర్‌ప్లేలో ఎలాగూ కలిసే ఉంటారు. 2022-23లో ఎడ్మంటన్ పవర్‌ప్లే 32.4 శాతంతో లీగ్ రికార్డు సాధించింది, అందులో వీరిద్దరూ ఉన్నారు. కాని పవర్‌ప్లే ముగిసిన వెంటనే వాళ్లు అలసి ఉంటారు కాబట్టి మూడో లైన్‌ని పంపాలి. ఆ షిఫ్ట్‌లోనూ వాళ్లనే ఉంచి గోల్ ఇచ్చుకోవడం తరచూ జరిగే పొరపాటు.

మొదటి పీరియడ్ నుంచే కలిపి ఆడిస్తే రాత్రికి రాత్రి తేడా కనపడకపోవచ్చు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో కనపడుతుంది. నాలుగో లైన్ బెంచికే పరిమితమై, ఇద్దరూ 25 నిమిషాల చొప్పున ఆడతారు. ఐదు, ఆరు మ్యాచ్‌ల నాటికి ఆ పాస్‌లు అర అడుగు వెనక పడతాయి. 12 మంది ఫార్వర్డ్‌ల బదులు 11 మందిని, ఏడుగురు డిఫెండర్లను దింపే పద్ధతిలోనూ ఇదే బెడద. జే వుడ్‌క్రాఫ్ట్ కోచ్‌గా ఉండగా ఎడ్మంటన్ దాన్ని తరచూ వాడింది. నాలుగో లైన్‌లో ఖాళీ చోట మెక్‌డేవిడ్‌నో డ్రైసైటిల్‌నో అదనంగా దింపడం అందులోని ఎర. ఒక ఫార్వర్డ్ గాయపడితే మాత్రం లెక్క పదికి దిగి లైన్లన్నీ చెదిరిపోతాయి.

2025 ఫైనల్‌నే తీసుకోండి. ఆరు మ్యాచ్‌ల ఆ సిరీస్‌లో 6 గోల్స్ కొట్టిన బ్రాడ్ మార్షాండ్ ఫ్లోరిడా మొదటి లైన్‌లో లేడు. ఈటు లుయొస్టారినెన్, ఆంటన్ లుండెల్‌తో కలిసి మూడో లైన్‌లో ఆడాడు. బార్కోవ్, శామ్ రైన్‌హార్ట్ ఒక లైన్. శామ్ బెన్నెట్, మాథ్యూ కచక్ ఇంకో లైన్. ఎడ్మంటన్‌లో జరిగిన ఐదో మ్యాచ్‌లో చివరి మార్పు ఆయిలర్స్‌దే, అయినా మార్షాండ్ రెండు గోల్స్ కొట్టాడు. మూడు లైన్లూ ప్రమాదమైతే చివరి మార్పుతో ఎవరికి కాపలా పెడతారు? హైమన్ అంతకు ముందు సిరీస్‌లోనే గాయపడి ఫైనల్‌కి లేడన్నది మరవకండి. వింగర్లు తగ్గినప్పుడు కోచ్ క్రిస్ నాబ్లాక్‌కి ఇద్దర్నీ కలిపే ఒత్తిడి పెరిగింది.

నాలుగో మ్యాచ్‌లో 0-3తో వెనకబడిన ఆయిలర్స్ 5-4తో గెలిచారు. ఓవర్‌టైమ్ గోల్ డ్రైసైటిల్‌దే, అది అందరికీ గుర్తుంది. కాని 3-3కి తెచ్చిన గోల్స్ నుజెంట్-హాప్కిన్స్, డార్నెల్ నర్స్, వాసిలీ పోడ్‌కోల్జిన్‌లవి. మిగతా లైన్లు బతికి ఉంటే ఏం జరుగుతుందో ఆ రాత్రి కనపడింది.

కప్పులు గెలిచిన జట్లు కూడా ఇదే చెబుతాయి. 1980లలో ఎడ్మంటన్ వేన్ గ్రెట్స్కీని ఒక లైన్‌కి, మార్క్ మెసియేని ఇంకో లైన్‌కి సెంటర్‌గా నిలిపింది. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ సిడ్నీ క్రాస్బీ, ఎవ్‌గెనీ మాల్కిన్‌లను విడివిడిగా ఉంచి 2009, 2016, 2017లో కప్ ఎత్తింది. 2016లో హాగెలిన్, బొనీనో, కెసెల్‌ల మరో లైన్ కూడా దాడికి దిగింది. డ్రైసైటిల్‌కీ వేరే లైన్ నడిపే సత్తా ఉందని 2019-20 సీజనే చూపింది. ఆ సీజన్ రెండో భాగంలో నుజెంట్-హాప్కిన్స్, కైలర్ యమమోటోలతో సొంత లైన్ నడిపాడు. ఏడాది ముగిసేసరికి 110 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ. ఎడ్మంటన్‌కి ఏళ్లుగా ఉన్న లోటు అతని పక్కన నిలకడగా నిలిచే వింగర్లే. జట్టు యాజమాన్యాన్ని అడగాల్సిన ప్రశ్న అదీ.

చివరగా మీ క్రీడా పేజీకి ఒక మనవి. క్రికెట్ మ్యాచ్‌కి తుది జట్టు వేసినట్టే ఐస్ హాకీ వార్తకి నాలుగు లైన్లు వేయండి. పన్నెండు పేర్లు, పేరు పక్కన ఎడమవాటమో కుడివాటమో, ఐదుగురికి ఐదుగురు ఆడిన నిమిషాలు ఉంటే చాలు. ఉదయం సాధనలో లైన్‌కి ఒక రంగు జెర్సీ వేసుకుంటారు, వాటిని చూసి రాసేవి సాయంత్రానికి మారిపోతుంటాయి. వార్మప్ అయ్యాక ఖరారైన అమరికనే వాడండి. ఎడ్మంటన్‌లో సాయంత్రం 7 గంటల మ్యాచ్ మనకి మర్నాడు ఉదయం 6:30కి, చలికాలంలో 7:30కి మొదలవుతుంది. మీ ముద్రణ వేళకి చాలా ముందే అన్నీ చేతికొస్తాయి.

ఇట్లు,
కొందరు తెలుగు పాఠకులు,
ఎడ్మంటన్, అల్బర్టా, కెనడా