గ్రీకు పాట పాడితే మతం మారిపోతుందా?

సంపాదకులు గారికి,

బడిలో గ్రీకు క్రిస్మస్ పాటలను మాన్పించిన మెల్‌బోర్న్ తెలుగు తల్లిదండ్రులను ఆకాశానికెత్తుతూ మీ ప్రవాసుల పేజీలో వచ్చిన వార్త కాస్త ఆలస్యంగా చూశాను. 'ఐక్యంగా పోరాడి సాధించారు' అట! మా మనవరాలూ ఆ తరగతిలోనే ఉంది. ఆ సాధించిందేమిటో మీ విలేకరి రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ బడిలో రెండో భాష గ్రీకు. తరగతిలో గ్రీకు పిల్లలకంటే మన పిల్లలు, లెబనాన్, వియత్నాం కుటుంబాల పిల్లలే ఎక్కువ. ఏటా డిసెంబరులో టీచరమ్మ వాళ్లకు 'కాలంద' అనే పండుగ పాటలు నేర్పేది. గ్రీసులో డిసెంబరు 24, 31, జనవరి 5 తేదీల్లో పిల్లలు ఇనుప ముక్కోణం మోగించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, "నా తా పూమే?" అంటే పాడమంటారా అని అడిగి, సరేనంటే పాడి, చిల్లరో మిఠాయో పుచ్చుకుంటారు. దసరా పద్యాలు, పప్పుబెల్లాలు ఎరిగిన వాళ్లకు ఇందులో వింతేముంది? కొత్త సంవత్సరం పాటలో సెయింట్ బాసిల్ సిజేరియా నుంచి కాగితం, సిరాబుడ్డి పట్టుకుని వస్తాడు. అక్కడి పిల్లలకు జనవరి 1న కానుకలు తెచ్చే తాత కూడా ఆయనే. సిరాబుడ్డికి కూడా భయపడాలా?

వాట్సాప్ గ్రూపులో నలుగురు చేరి అందరికీ టెన్షన్ పెట్టారు. వెంటనే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం వెళ్లింది. ఆయన టీచరమ్మను పిలిచి మాట్లాడనైనా లేదు, అన్నీ రద్దు. నాణెం దాచి కోసే వాసిలోపిత కేకు వద్దన్నారు. కొత్త సంవత్సరం రోజు గుమ్మంలో దానిమ్మపండు పగలగొట్టే ఆచారం గురించి చెప్పడం కూడా మానిపించారు. వాటి బదులు, ఇక్కడి మండుటెండల్లో, జింగిల్ బెల్స్‌ను గ్రీకులో పాడించారు. అది ఏ గ్రీకుల ఆచారమో వారే చెప్పాలి.

ఇందులో మతం లేదని నేననను. క్రిస్మస్ కాలందలో బెత్లెహేములో క్రీస్తు పుట్టాడనే ఉంటుంది. వాసిలోపితలో మొదటి ముక్కను క్రీస్తు పేరిట, తర్వాతి దాన్ని మరియమ్మ పేరిట తీసి పెడతారు. గ్రీకులు ఇలా నమ్ముతారు, ఇలా చేస్తారు అని దాచకుండా చెబితే పోయేదేముంది? పాడటం ఇష్టంలేని పిల్లల చేతికి ఆ ముక్కోణం ఇస్తే హాయిగా మోగిస్తారు. అదీ వద్దంటే మార్చి 1న వసంతం వచ్చిందని పాడే పక్షి పాటలున్నాయి. రోడ్స్ దీవి పిల్లలు ఇలాంటిదే పాడేవారని ప్రాచీన గ్రీకు రచయిత ఎథీనియస్ ఏనాడో రాసి పెట్టాడు. కేకులో గుడ్డు ఉంటుందని ఎవరైనా అడిగి ఉంటే అది న్యాయమే, నేనూ సంతకం పెట్టేదాన్ని.

అదే బడిలో దీపావళికి వరండా నిండా ముగ్గులు వేసి లక్ష్మీదేవి బొమ్మ పెట్టాం. ఏ గ్రీకు తల్లీ నోరు మెదపలేదు. 1938 నుంచి ఇక్కడ జరుగుతున్న 'క్యారల్స్ బై క్యాండిల్‌లైట్' అనే క్రిస్మస్ పాటల కచేరీకి ఈ నలుగురే పిల్లలతో వెళ్లి సెల్ఫీలు పెడతారు!

ఇక అధికారుల సంగతి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం 2016లో తరగతి వేళల నుంచి తప్పించింది మతబోధనను, క్యారల్స్‌ను కాదు. అంతకు ముందు ఏడాది క్యారల్స్ నిషేధించారంటూ గొడవ రేగితే, అలాంటిదేమీ లేదని ప్రభుత్వమే చెప్పుకుంది. ఇది చదివే తీరిక బడి ఆఫీసులో ఎవరికి ఉంది? ఇండియాలోనైనా ఇక్కడైనా అంతే, ఫిర్యాదు రాగానే రద్దు చేసి చేతులు దులుపుకుంటారు. గ్రీకుకు వారానికి దొరికేదే ఒక గంట. పాటలు, పండుగలు తీసేస్తే ఇక అంకెలు, రంగులే మిగులుతాయి. మా మనవరాలు ఏళ్ల తరబడి గ్రీకులో పది దాకా లెక్కపెడుతూనే ఉంది.

మీ వార్తలో ఆ టీచరమ్మ మాట ఒక్కటీ లేదు. వచ్చే డిసెంబరులోపు బడివాళ్లు తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి అడగాలి, గ్రూపులో గట్టిగా అరిచిన నలుగురినే కాదు. ఆ మీటింగుకు మీ విలేకరిని కూడా పంపండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, మెల్‌బోర్న్