టాట్రా చక్రాలు వాలడం లోపం కాదు

సంపాదకులకు,

ఇటీవల నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి పక్కన ఆగిన సైనిక ట్రక్కుల వెనుక చక్రాలు కింద లోపలికి, పైన బయటికి వాలి ఉండటం చూసి, ఇరుసులు వంగిన బండ్లను రోడ్డెక్కించారని కొందరు అనుకోవడం విన్నాను. సైన్యంలో వాహనాల మరమ్మతు విభాగంలో ఇంజినీరుగా పనిచేసి నల్లగొండలో స్థిరపడినవాడిని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అవి చెక్ దేశపు టాట్రా కంపెనీ రూపొందించిన ట్రక్కులు. 1986 నాటి ఒప్పందంతో మన దేశంలోనూ తయారయ్యాయి. మామూలు లారీకి రెండు పొడవాటి దూలాల ఛాసిస్, దాని కింద కమాన్ పట్టీల మీద ఒకే అడ్డ ఇరుసు ఉంటాయి. టాట్రాకు మధ్యలో లావుపాటి ఉక్కు గొట్టమే వెన్నెముక. హాన్స్ లెడ్వింకా అనే ఇంజినీరు 1923లోనే ఈ పద్ధతితో బండి తెచ్చాడు. ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే షాఫ్టు ఆ గొట్టం లోపలే తిరుగుతుంది కాబట్టి దానికి రాయి తగలదు, దుమ్ము అంటదు. గొట్టానికి అటూ ఇటూ ఉన్న హాఫ్ యాక్సిళ్లు, అంటే సగం ఇరుసులు, పక్షి రెక్కల్లా దేనికదే పైకీ కిందికీ ఆడతాయి. షాఫ్టు శక్తిని చక్రం వైపు మళ్లించే పళ్ల చక్రాల జత (క్రౌన్ వీల్, పినియన్) ఒక్కో దానికి విడిగా ఉండటం వల్ల ఎడమ చక్రం, కుడి చక్రం సరిగ్గా ఎదురెదురుగా కాక కాస్త ముందువెనుకలుగా ఉంటాయి. అనుమానం ఉన్నవారు పక్కన నిలబడి చూడవచ్చు. ఖాళీ బండి పైకి లేచి ఉంటుంది కనుక చక్రాలు వాలుతాయి, బరువు పడగానే నిటారుగా నిలుస్తాయి. దేవరకొండ వైపు గుట్టల్లాంటి నేలమీద ఒక చక్రం బండరాయి ఎక్కినా మిగతావి నేలను వదలవు. ఇంజిన్ గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ లేదు, నీళ్ల బెడద అసలే లేదు; అయితే రొద ఎక్కువ, ఇంజిన్ వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల మధ్య చేరిన దుమ్మును ఎప్పటికప్పుడు దులపకపోతే వేడెక్కుతుంది.

మిర్యాలగూడ బియ్యం లారీలకు ఇదే పద్ధతి కావాలని మాత్రం నేను అనను. తారు రోడ్డు మీద తరచూ ఖాళీగా తిరిగితే టైరు అంచులు త్వరగా అరుగుతాయి, మరమ్మతు తెలిసిన మేస్త్రీలు కూడా ఇక్కడ దొరకరు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఎడమవైపు నడిచే మన రోడ్ల మీదికి ఈ బండ్లు దశాబ్దాలపాటు ఎడమ స్టీరింగ్‌తోనే వచ్చాయి. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో డ్రైవరుకు కనబడదు. కుడిపక్క సీట్లో కూర్చున్న సహాయకుడు తల బయటపెట్టి 'రా' అంటేనే బండి కదలాలి. ఇంత ఆలోచించి కట్టిన బండిలో ఆ ఒక్క మార్పును మొదటి ఒప్పందంలోనే షరతుగా రాయించుకోవలసింది. ఇకమీదట విదేశీ నమూనా ఏది కొన్నా టెండరులో కుడి స్టీరింగ్ షరతు ఉండి తీరాలి.

— విశ్రాంత ఇంజినీరు, నల్లగొండ